చేవ చేసే చేటు: చెక్కపొడి అలర్జీపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ విడత వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా చెక్కపొడి గురించే. ఒకేలాంటివి కలిపేసి జవాబిస్తున్నాం. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు కాబట్టి ఎవరివీ వేయడం లేదు.

ప్రశ్న: పన్నెండేళ్లుగా టేకు పనే చేస్తున్నాను. ఎప్పుడూ ఏమీ కాలేదు. మూడు నెలలుగా ముంజేతుల మీద, మెడ చుట్టూ దురద, ఎర్రని దద్దుర్లు. గోకితే రసి కారుతోంది. తోటివాళ్లకి ఏమీ లేదు. కర్రకి ఏదైనా మందు కొట్టి ఉంటారా? కొన్నాళ్లకి అదే అలవాటైపోతుందంటున్నారు, నిజమేనా?

మందు సంగతి తర్వాత, ముందు టేకునే అనుమానించండి. టేకుకి చెద ఎందుకు పట్టదు? చేవలో, అంటే దుంగ నడుమ ఉండే ముదురు చెక్కలో, చెట్టు దాచుకున్న రసాయనాల వల్ల. పురుగునీ బూజునీ దగ్గరికి రానివ్వని ఆ సరుకులో క్వినోన్లనే జాతి పదార్థాలు ఉంటాయి. టేకులో లపచోల్, డీఆక్సీలపచోల్ ఆ జాతివే. చెమట పట్టిన చర్మం మీద సన్నని పొడి పడితే అవి కరిగి లోపలికి దిగుతాయి. కర్రకి కాపలా కాసేదే మీ చర్మానికి శత్రువు అవుతోందన్నమాట. అందుకే ఒకే దుంగలో బయటి తెల్లచెక్క కోసినప్పటికంటే చేవ కోసినప్పుడు బాధ ఎక్కువ.

పన్నెండేళ్లు లేనిది ఇప్పుడెందుకంటే, అలర్జీ తీరే అంత. మొదటిసారి తగిలినప్పుడు ఒంటికి ఆ పదార్థం గుర్తుండదు. తగలగా తగలగా, కొందరిలో వారాలకీ కొందరిలో ఏళ్లకీ, రోగనిరోధక వ్యవస్థ దాన్ని శత్రువుగా రాసిపెట్టుకుంటుంది. కొందరిలో ఎప్పటికీ రాసుకోదు, మీ తోటివాళ్లు ఆ కోవ కావచ్చు. ఒకసారి రాసుకున్నాక మాత్రం చెరగడం అరుదు. అప్పట్నుంచి చిటికెడు పొడి కూడా చాలు. కాబట్టి "అలవాటైపోతుంది" అన్న మాట తలకిందులు. మానకుండా పనిచేస్తే తగ్గదు, ముదురుతుంది.

ఇంకో తిరకాసు ఉంది. చర్మపు అలర్జీ వెంటనే బయటపడదు, పొడి తగిలిన 24 నుంచి 72 గంటల తర్వాత తేలుతుంది. సోమవారం టేకు కోసి, బుధవారం పైన్ కోస్తూ గోక్కునేవాడు పైన్‌ని తిడతాడు. అందుకని దద్దుర్లు లేచిన రోజు కాదు, దానికి ముందు మూడు రోజులు ఏ కర్ర పట్టారో రాసుకోండి. ఓ చిన్న నోటుబుక్కు చాలు: తేదీ, కర్ర, చేసిన పని (కోత, చిత్రిక, సాండింగ్), ఒంటి మీద ఎక్కడ ఏమైంది. చర్మవైద్యుడికి అంతకన్నా పనికొచ్చే కాగితం ఉండదు.

ఇప్పటికైతే రెండు మూడు వారాలు టేకు పక్కన పెట్టండి. దద్దు మీద మందుల షాపులో ఇచ్చిన స్టెరాయిడ్ క్రీము సొంతంగా రాయకండి, ముఖ్యంగా ముఖం మీద. చర్మం పలచబడుతుంది.

ప్రశ్న: నాకు కనురెప్పలు వాస్తున్నాయి. కళ్లలో పొడి పడకుండా అద్దాలు పెట్టుకుంటూనే ఉన్నాను. అలర్జీ అవునో కాదో తేల్చుకోవడానికి చేతి మీద కాస్త పొడి తడిపి రాసి, కట్టు కట్టి చూడొచ్చా?

వద్దు. పచ్చి కర్ర పొడిని చర్మానికి అలా అదిమి ఉంచితే లేని అలర్జీ కొత్తగా పుట్టే ప్రమాదం ఉంది. మామూలు చర్మం కూడా మంటెక్కి పొక్కుతుంది కాబట్టి, వచ్చిన ఫలితం వల్ల తేలేదీ ఏమీ ఉండదు. వైద్యులు చేసే ప్యాచ్ పరీక్షలో పదార్థాన్ని తగినంత పలచన చేసి వీపు మీద అతికిస్తారు. 48 గంటలు ఉంచి, తీసిన రోజు ఒకసారి, ఆ తర్వాత ఒకటి రెండు రోజులకి మరోసారి చూస్తారు. వెళ్లేటప్పుడు మీరు కోసే కర్రల ముక్కలు విడివిడి సంచుల్లో, పేర్లు రాసి పట్టుకెళ్లండి.

రెప్పల సంగతి. ఒంట్లో అంత పలచని చర్మం మరోచోట లేదు, అందుకే గాలిలో తేలే పొడికి ముందు లొంగేది అదే. అద్దంలో మూడు చోట్లు చూసుకోండి: పైరెప్పలు, గడ్డం కింద, చెవుల వెనక. అక్కడ కూడా ఎర్రబడితే గాలిలో పొడి పనే అనుకోవచ్చు. ఎండ పడని ఆ చోట్లు బాగుండి మిగతా ముఖమంతా ఎర్రగా ఉంటే ఎండ వల్ల వచ్చినది కావచ్చు. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర మాత్రమే ఉంటే, చేత్తో పట్టుకున్నదాని వల్ల, అంటే కర్రో, జిగురో, థిన్నరో. పక్కలకి కూడా అద్దాలున్న కళ్లజోడుకైనా పైనా పక్కలా సందులుంటాయి. సాండింగ్‌కి ముఖానికి అంటుకుపోయే గాగుల్స్ కావాలి. పొడి అంటిన చేత్తో కన్ను నలుపుకోకుండా ఉంటే సగం బాధ తగ్గుతుంది.

ప్రశ్న: పగలు పనిలో బాగానే ఉంటాను. రాత్రి పడుకున్నాక దగ్గు, పిల్లికూతలు, ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది. సెలవు రోజుల్లో తగ్గుతుంది. ఇంట్లోవాళ్లు ఇది దుప్పట్ల దుమ్మంటున్నారు.

సెలవుల్లో తగ్గుతోందన్న మీ మాటే అసలు గుర్తు. దీన్ని తేలిగ్గా తీసుకోకండి, ఈ విడత ఉత్తరాల్లో మమ్మల్ని ఎక్కువ కంగారుపెట్టింది ఇదే. చెక్కపొడితో వచ్చే ఉబ్బసం చాలాసార్లు ఆలస్యంగా, పొడి పీల్చిన నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత వస్తుంది. అంటే ఇంటికొచ్చాక, పడుకున్నాక. అందుకే నింద దుప్పటి మీదికి పోతుంది. దీనికి పేరుమోసిన కర్ర వెస్టర్న్ రెడ్ సీడార్. అందులోని ప్లికాటిక్ ఆమ్లం ఆ ఉబ్బసానికి కారణమని తేల్చారు. ఆ పని మానేసిన తర్వాత కూడా చాలామందిలో ఉబ్బసం పూర్తిగా పోలేదు. ఎంత ఆలస్యం చేస్తే అంత మొండికేస్తుంది. ఇరోకో, ఓక్, మహాగని పొడి వల్ల కూడా ఉబ్బసం వచ్చిన దాఖలాలున్నాయి.

వైద్యుడి దగ్గరికి వెళ్తూ పీక్ ఫ్లో మీటరు గురించి అడగండి. చేతిలో ఇమిడే గొట్టం, ఎంత వేగంగా ఊదగలరో అంకె చూపిస్తుంది. నిలబడి, నిండా గాలి పీల్చి, ఒక్క ఊపున ఊదాలి. మూడుసార్లు ఊది, పెద్ద అంకె రాసుకోవాలి. రోజుకి కనీసం నాలుగుసార్లు: లేవగానే, పని మధ్యలో, పని దిగాక, పడుకునే ముందు. నాలుగు వారాలు రాయండి. అందులో పనికెళ్లని రోజులు కొన్ని తప్పకుండా ఉండాలి. లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. పని రోజుల అంకెలు సెలవు రోజుల కంటే పదేపదే పడిపోతున్నాయంటే, ఒక్క రోజులోనే 20 శాతం పైగా ఎగుడుదిగుడు ఉందంటే, వైద్యుడికి దారి దొరికినట్టే. పనివేళలు పక్కన రాయడం మర్చిపోకండి.

పెదవులు, నాలుక వాచడం, గొంతు బొంగురుపోవడం, మాట పూర్తిచేయలేనంత ఆయాసం, కళ్లు తిరగడం: వీటిలో ఏది వచ్చినా అపాయింట్‌మెంట్లు కాదు, అంబులెన్సు. వైద్యుడు ముందే అడ్రినలిన్ పెన్ను (పెన్నులాంటి సూదిమందు) ఇచ్చి ఉంటే తొడ బయటివైపు వెంటనే వేసుకోవాలి.

ప్రశ్న: ఏ కర్రలు ఎక్కువ పడవు? మామిడి చెక్క, ఎండీఎఫ్ సంగతేంటి?

చర్మానికి అన్నిటికంటే పేచీ రోజ్‌వుడ్ కుటుంబం, అంటే మన ఇరుగుడు, దాని బంధువులు. వాటిలో డాల్బర్జియోన్లనే అలర్జీ తెచ్చే పదార్థాలు ఉంటాయి. వాద్యాలకీ కత్తి పిడులకీ వాడే కోకోబోలో ఆ కుటుంబంలోదే, ఇంకా ఘాటు. ఒకదానికి అలర్జీ ఉంటే మిగతావాటికీ ఉందనుకునే మసలుకోండి. పైన్ పడనివారికి చాలావరకు కారణం అందులోని బంక, అదే కొలొఫొనీ. కొన్ని రకాల అతుకు పట్టీలు, సోల్డరింగ్ ఫ్లక్స్, వయొలిన్ కమానుకి రాసే రోసిన్, అన్నిట్లోనూ ఇదే ఉంటుంది. పట్టీ వేసిన చోట ఎర్రబడే అలవాటున్నవారు పైన్ దగ్గర జాగ్రత్త.

మామిడి చెట్టు జీడిమామిడి, నల్లజీడి కుటుంబానిదే. జీడి తగిలితే ఒళ్లు పొక్కేవారు పచ్చి మామిడి దుంగ, బెరడు ముట్టుకునేటప్పుడు చేతితొడుగు వేసుకోవాలి.

ఎండీఎఫ్‌లో చెట్టు కంటే జిగురు లెక్క. నారని యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురుతో అదుముతారు. పొడి మైదాలా సన్నగా వస్తుంది, రౌటర్ (చెక్కలో గాడులు తీసే మిషను) పెడితే మరీను. "చెట్టు కాదు కదా, అలర్జీ ఉండదు" అనుకోవడం పొరపాటు.

ప్రశ్న: అలర్జీ లేనివాళ్లకి ఈ జాగ్రత్తలు అక్కర్లేదు కదా?

అక్కర ఉంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్కపొడిని మనిషికి క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ముఖ్యంగా ముక్కు, దాని చుట్టూ ఉన్న గాలి గదుల క్యాన్సర్. దశాబ్దాల తర్వాత బయటపడుతుంది. ముక్కు ఒకవైపే మూసుకుపోయి వారాలు గడిచినా తెరుచుకోకపోయినా, ఆ వైపు నుంచే రక్తం పడుతున్నా చెవి ముక్కు గొంతు వైద్యుడికి చూపించి, చెక్క పని చేస్తామని చెప్పండి.

ప్రశ్న: ముక్కుకి తడిగుడ్డ కట్టుకుంటే చాలదా? ఎన్95 పెట్టుకున్నా ముక్కులో పొడి కనిపిస్తోంది.

గుడ్డ ఆపేది కంటికి కనిపించే పొట్టుని. దాన్ని మీ ముక్కు వెంట్రుకలే ఆపగలవు. ఊపిరితిత్తుల లోతుకి దిగేది సుమారు 5 మైక్రాన్ల లోపు పొడి. తల వెంట్రుక మందం 70 మైక్రాన్లు అనుకుంటే అందులో పద్నాలుగో వంతు. అది గుడ్డ నేతలోంచి హాయిగా దూరిపోతుంది.

ఎన్95లో 95 శాతం అన్నది ఫిల్టర్ గుడ్డ సామర్థ్యం మాత్రమే, మీ ముఖం మీద దొరికే రక్షణ కాదు. చక్కగా కుదిరినప్పుడు కూడా లోపలికొచ్చే పొడి పదో వంతుకి తగ్గుతుందనే లెక్కేసుకుంటారు, ఎందుకంటే అంచుల నుంచి కారుతుంది. మీ ముక్కులో పొడి వచ్చింది ఆ అంచుల నుంచే. ముక్కు పక్కల మాస్కు లోపలివైపు పొడి చారలు ఉన్నాయేమో చూడండి, ఉంటే సందు అక్కడే.

పెట్టుకునే పద్ధతి: పైపట్టీ నడినెత్తికి కాస్త వెనక, కింది పట్టీ చెవుల కింద మెడకి. రెండూ మెడకే వేసుకుంటే మాస్కు జారుతుంది. ముక్కు మీది రేకుని ఒక చేత్తో నొక్కితే మడత పడి సందు మిగులుతుంది, రెండు చేతుల వేళ్లతో మధ్య నుంచి పక్కలకి ఒత్తుకుంటూ రండి. తర్వాత రెండు అరచేతులతో మాస్కుని కప్పి ఊపిరి గట్టిగా వదలండి. కళ్లవైపు గాలి తగిలితే రేకు సరిచేయాలి, బుగ్గలవైపు తగిలితే పట్టీలు. గడ్డం ఉన్నవారికి ఏ మాస్కూ అంటుకోదు, రెండు రోజుల గరుకు గడ్డం కూడా చాలు సందు చేయడానికి. గడ్డం తీయనివారు ముఖమంతా కప్పి మోటారుతో శుభ్రమైన గాలి పంపే వదులు తొడుగు చూసుకోవాలి.

రోజూ గంటల తరబడి సాండింగ్ చేసేవారికి ఎఫ్ఎఫ్‌పీ3 రకం గానీ, రబ్బరు సగం మాస్కుకి పీ100 ఫిల్టర్లు గానీ మేలు. వీటిలో ఏదీ థిన్నర్, లక్కర్ ఆవిరిని ఆపదు. దానికి ఆవిరి కార్ట్రిడ్జ్ వేరే ఉంటుంది.

ఇంకొక్కటి, మాస్కు ఎప్పుడు తీయాలి? మిషను ఆగగానే కాదు. కదలని గాలిలో 10 మైక్రాన్ల రేణువు మీ ముఖమంత ఎత్తు నుంచి నేలకి దిగడానికి ఎనిమిది నిమిషాలు, 5 మైక్రాన్లదానికి అరగంట, 2 మైక్రాన్లదానికి మూడు గంటలు పడుతుంది. ఫ్యాను తిరుగుతుంటే ఇంకా ఎక్కువ.

ప్రశ్న: పెద్ద దుమ్ము బ్లోయర్ పెట్టించాను. సంచి నిండుతోంది, నేల మీద పొట్టు లేదు. అయినా సాయంత్రానికి అల్మరాల మీద తెల్లటి పొర. లోపం ఎక్కడ?

మీ బ్లోయర్ పొట్టుని లాగుతోంది, సన్నపొడిని గదిలోకి ఊదుతోంది. సంచి గుడ్డ చూడండి. మామూలు సంచులు 30 మైక్రాన్ల వరకే ఆపుతాయి. అంటే మీ ఊపిరితిత్తులకి ప్రమాదమైనదంతా గుడ్డలోంచి బయటికొచ్చి, గదంతా సమానంగా పరుచుకుంటుంది. బ్లోయర్ లేకపోతే కనీసం ఒక మూలే పడేది! ఒక మైక్రాన్ సంచి గానీ, మడతల కార్ట్రిడ్జ్ ఫిల్టర్ గానీ మార్చండి. వీలుంటే బ్లోయర్‌ని గది బయట పెట్టి, గాలిని ఎవరూ మసలని వైపుకి వదలండి.

తర్వాత పైపు. చెక్కపొడి పైపులో పేరుకోకుండా సాగాలంటే గాలి సెకనుకి సుమారు 20 మీటర్ల వేగంతో పోవాలి. ఆ వేగానికి 100 మిల్లీమీటర్ల పైపులో గంటకి దాదాపు 565 ఘనపు మీటర్ల గాలి పోతుంది, 150 మిల్లీమీటర్లదానిలో 1,270. బ్లోయర్ మీద రాసిన అంకె పైపూ ఫిల్టరూ లేకుండా కొలిచింది, తగిలించాక సగానికి పడిపోవడం మామూలే. మెలికలు తిరిగే ముడతల గొట్టం గాలికి అడ్డం. నున్నటి పైపు వేసి, చివర మీటరు మాత్రమే ముడతల గొట్టం ఉంచండి. ఒక్కో 90 డిగ్రీల వంపు బదులు రెండు 45 డిగ్రీల వంపులు వాడండి.

అన్నిటికంటే పెద్ద పొరపాటు గొట్టం నోరు దూరంగా పెట్టడం. ఊదితే దీపం మూరెడు దూరం నుంచి ఆరుతుంది, పీలిస్తే ముక్కు దగ్గర పెట్టుకున్నా ఆరదు. గొట్టం నోటి నుంచి, ఆ నోటి వ్యాసమంత దూరం జరిగేసరికే గాలి వేగం పదో వంతుకన్నా తక్కువకి పడిపోతుంది. అంటే 100 మిల్లీమీటర్ల గొట్టం రంపానికి బెత్తెడు దూరంలో ఉంటే అలంకారానికే. టేబుల్ రంపానికి కింద పెట్టె నుంచి లాగడమే కాదు, బ్లేడు పైన మూతకి కూడా గొట్టం కావాలి. సన్నపొడి బ్లేడు పళ్లతో పైకి వచ్చి మీ ముఖానికే కొడుతుంది.

ఎంత పొడి ఎక్కువ అనేదానికి ఓ లెక్క. యూరప్‌లో గట్టి చెక్కల పొడికి పరిమితి 2023 నుంచి ఘనపు మీటరు గాలికి 2 మిల్లీగ్రాములు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు 1 మిల్లీగ్రామే. 6 మీటర్ల పొడవు, 4 వెడల్పు, 3 ఎత్తున్న గదిలో 72 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. నియోష్ లెక్కన ఆ గదంతటికీ కలిపి 72 మిల్లీగ్రాములు, అంటే చిటికెడు కూడా కాదు. అది గాలిలో తేలితే పరిమితి నిండినట్టే. అదే గదికి గాలి శుభ్రపరిచే యంత్రం పెట్టేట్టయితే గంటకి ఎనిమిదిసార్లు గాలి తిరగాలి, 576 ఘనపు మీటర్లు. పని ఆపాక కూడా అరగంట నడవనివ్వండి. అది అదనపు సాయమే తప్ప మిషను దగ్గరే పట్టుకోవడానికి బదులు కాదు.

సన్నపొడి ఎక్కడ తప్పించుకుంటోందో చూడాలంటే, రాత్రి లైట్లన్నీ ఆర్పి ఒకరు పనిచేస్తుంటే ఎదురుగా పెద్ద టార్చి పెట్టండి. టార్చి వెలుగు నేరుగా కళ్లలో పడకుండా ఓ అట్టముక్క అడ్డం పెట్టి, వెలుగు వైపే చూడండి. పగలు శుభ్రంగా కనిపించిన గాలిలో పొగలా సుళ్లు తిరుగుతూ ఎక్కడ నుంచి లేస్తోందో తెలిసిపోతుంది.

ప్రశ్న: చేతి సాండర్‌కి వాక్యూమ్ తగిలించాను, అయినా పొడి లేస్తోంది.

కాగితం చిల్లులు ప్యాడ్ చిల్లులకి సరిగా ఎదురుగా పడ్డాయా? ఒక్క చిల్లు తప్పినా పొడికి దారి ఉండదు, కాగితం కూడా త్వరగా పూడుకుంటుంది. వల రకం కాగితాలైతే ఈ బెడద లేదు. వాక్యూమ్‌ని సాండర్ కంటే ముందు ఆన్ చేసి, సాండర్ ఆపాక పది సెకన్లు ఆగి ఆపండి. చూషణ మరీ ఎక్కువైతే సాండర్ చెక్కకి అతుక్కుని గెంతుతుంది, అప్పుడు గాలి సందు కొద్దిగా తెరవండి. వీలున్నచోట సాండింగే తగ్గించండి: పదునైన చిత్రిక, స్క్రేపరు లేపేది పొరలు, పొడి కాదు.

ప్రశ్న: మావారిది వడ్రంగం. ఆయన బట్టలు ఉతికిన రోజు నా చేతులు దురద పెడుతున్నాయి. కంప్రెసర్ గాలితో దులుపుకునే వస్తానంటారు.

ఆ గాలితో దులుపుకోవడమే మానిపించండమ్మా. అది పొడిని నేతలోకి ఇంకా లోతుగా దూర్చి, మిగతాది ఆయన ముఖం మీదికి లేపుతుంది. అధిక పీడనపు గాలి కంటికీ చెవికీ కూడా ప్రమాదం. హెపా ఫిల్టరున్న (అతి సన్నని పొడిని కూడా ఆపే) వాక్యూమ్‌తో బట్టలు పీల్చుకోవాలి, పనిబట్టలు అక్కడే విప్పి మూత ఉన్న సంచిలో తేవాలి. మీరు దులపకుండా నేరుగా నీళ్లలో వేయండి, విడిగా ఉతకండి, చేతితొడుగులు వేసుకోండి. ఆయన ఇంటికి రాగానే, కూర్చోవడానికి ముందే గోరువెచ్చని నీళ్లతో సబ్బుతో స్నానం చేయాలి. వేడినీళ్లు దురదని పెంచుతాయి. కాలరు కింద, నడుం దగ్గర, మోచేతి మడతల్లో చెమటతో అంటుకున్న పొడి చూసి కడగాలి. చేతులు థిన్నర్‌తో కడిగే అలవాటుంటే ఈరోజే ఆపాలి, చర్మపు నూనె పోయి అలర్జీకి తలుపు తెరిచినట్టవుతుంది. షాపులో పొడి చీపురు కూడా వద్దు, తడిగుడ్డో వాక్యూమో.

ప్రశ్న: అలర్జీ మాత్ర వేసుకుని పని చేసుకోవచ్చా?

మత్తు తెచ్చే పాతరకం మాత్ర వేసుకుని తిరిగే బ్లేడు దగ్గర నిలబడకండి. మత్తు తక్కువుండే రకాలు కూడా కొందరిని మందగింపజేస్తాయి. పైగా మాత్ర తుమ్ముల్నీ దురదనీ కప్పేస్తుంది తప్ప పొడిని ఆపదు, ఊపిరితిత్తుల్లో జరిగేది జరుగుతూనే ఉంటుంది.

ప్రశ్న: బూజు పట్టిన పాత దుంగలు కోసిన సాయంత్రం చలిజ్వరం, ఒళ్లు నొప్పులు, పొడిదగ్గు. తెల్లారేసరికి తగ్గుతుంది. మళ్లీ కోస్తే మళ్లీ వస్తుంది.

కర్ర కాదు, బూజు. దాని బీజాలు లోతుగా పీల్చినప్పుడు ఊపిరితిత్తుల్లో పుట్టే వాపు ఇది. ఫ్లూ అనుకుని మాత్ర వేసుకుని మర్చిపోతారు. పదేపదే అయితే ఊపిరితిత్తులు గట్టిపడి ఆయాసం శాశ్వతమవుతుంది. అలాంటి దుంగలు ఇక ముట్టుకోకండి. ఛాతీ వైద్యుడికి "దుంగలు కోసిన కొన్ని గంటలకి" అన్న మాట తప్పకుండా చెప్పండి, ఎక్స్‌రే ఒక్కటే చూస్తే దొరక్కపోవచ్చు.

ప్రశ్న: ప్యాచ్ పరీక్షలో రోజ్‌వుడ్ పడదని తేలింది. పని మానేయాలా? ఇంట్లో రోజ్‌వుడ్ కుర్చీ ఉంది, అదీ తీసేయాలా?

చర్మానికే పరిమితమైతే ఆ కుటుంబపు కర్రలు వదిలి మిగతా పని చేసుకోవచ్చు. అదే షాపులో పక్కవారు రోజ్‌వుడ్ సాండింగ్ చేస్తుంటే మీరు వదిలినట్టు కాదు. ఊపిరితిత్తులకి వచ్చిందని తేలితే మాస్కు పెట్టుకుని కొనసాగించే ఆలోచన మంచిది కాదు, ఆ పొడికి పూర్తిగా దూరం కావాలి. చేతితొడుగులు చేత్తో చేసే సాండింగ్‌కి, పాలిష్‌కి సరే. రంపం, డ్రిల్లు, రౌటర్ దగ్గర వద్దు, తిరిగే భాగం తొడుగుతో పాటు చేతినీ లాక్కుంటుంది.

కుర్చీ ఉండనివ్వండి. పాలిష్ చెక్కుచెదరనంతవరకు కర్ర మీ చర్మానికి తగలదు. చేతులు ఆనించే చోట పూత అరిగి చెక్క బయటపడితే, చెమట పట్టినప్పుడు అక్కడే దద్దు లేవొచ్చు. రోజ్‌వుడ్ గాజులు, వయొలిన్ గడ్డపు ఆధారం, కత్తి పిడి లాంటివి ఒంటికి రాసుకునేవి కాబట్టి వాటితో దద్దుర్లు వచ్చినవారున్నారు. కుర్చీకి కొత్త పూత వేయించేటప్పుడు పాతది గీకే పని మీరు చేయకండి, మరొకరితో ఆరుబయట చేయించండి.